చైర్మన్ గారి అయిదు ఎండాకాలాలు

మార్చిలో ఓట్లు, ఏప్రిల్లో కాలవలు కట్టెయ్యడం. మునిసిపల్ చైర్మన్లుగా 1995లో గెలిచినవాళ్ళకీ 2000లో గెలిచినవాళ్ళకీ ఇదే వరస. ప్రమాణస్వీకారం నాటి దండలు హాల్లో మేకుకి వేలాడుతుండగానే ఇరిగేషన్ వాళ్ళ కాగితం వచ్చేది: ఫలానా తేదీ నుంచి కాలవలకి నీళ్ళు బందు, ఈలోగా మీ మంచినీటి చెరువు నింపుకోండి అని. భీమవరం, గుడివాడ, మచిలీపట్నం లాంటి డెల్టా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కృష్ణా గోదావరి కాలవలే దిక్కు. అంచేత మునిసిపల్ చైర్మన్‌కి అయిదేళ్ళ పదవి అంటే అయిదు ఎండాకాలాలు. జనం గుర్తుపెట్టుకునేదీ ఆ లెక్కనే. ‘ఆయన టైములో నీళ్ళకి ఇబ్బంది పడలేదు’ అనో, ‘ఆయన హయాంలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ల వెంట పరిగెత్తాం’ అనో చెప్పుకునేవారు. వేయించిన రోడ్లు, కట్టించిన షాపులు ఆ తర్వాతి మాట.

చెరువు లెక్క తెలిసిన చైర్మన్ వేరు, తెలియని చైర్మన్ వేరు. అరవై వేల జనాభా ఉన్న ఊరు అనుకోండి. భూగర్భ డ్రైనేజీ లేని ఊరికి మనిషికి రోజుకి 70 లీటర్లు అన్నది లెక్క. అంటే రోజుకి 42 లక్షల లీటర్లు, రెండు నెలలు కాలవ కట్టేస్తే 25 కోట్ల లీటర్ల పైమాట. ఇరవై ఎకరాల చెరువు నాలుగు మీటర్ల లోతున నిండితే 32 కోట్ల లీటర్లు పడుతుంది. ‘ఇంకేం, ఏడు కోట్లు మిగులే’ అని కొత్త చైర్మన్ కుర్చీలో వెనక్కి వాలేవాడు. వాటర్ వర్క్స్‌లో తల నెరిసిన సూపర్‌వైజరు అప్పుడు మెల్లిగా మిగతా లెక్క విప్పేవాడు. అడుగున అర మీటరు బురదనీళ్ళు, మోటారు లాగదు, నాలుగు కోట్లు తీసెయ్యండి సార్. మే నెల ఎండకి రోజుకి ఏడు మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది, ఇరవై ఎకరాల మీద అది రోజుకి అయిదున్నర లక్షల లీటర్లు, రెండు నెలలకి మూడు కోట్ల పైన. ఇంక మిగిలింది సున్నా. గట్ల కింద ఊటగా పోయేది ఇందులో చేర్చనే లేదు. కాలవలు వదలడం పది రోజులు ఆలస్యమైతే దాదాపు అయిదు కోట్ల లీటర్లు తరుగు.

ఈ లెక్క విన్న రోజునుంచే రోజు మార్చి రోజు నీళ్ళివ్వడం మొదలుపెట్టాలి. ఏప్రిల్లో చెరువు నిండుగా కనిపిస్తుంటే నీళ్ళు ఎందుకు బిగబడుతున్నారని కౌన్సిలర్లు గొడవ. మొదటి ఏడాది చైర్మన్లు చాలామంది ఆ గొడవకి లొంగి ఏప్రిలంతా రోజూ వదిలి, మే ఆఖరుకి అడుగు బురద చూసినవాళ్ళే. రెండో ఏడాది నుంచి లొంగేవారు కాదు.

చెరువు నింపుకోవడమూ అనుకున్నంత తేలిక కాదు. కాలవ కట్టే ముందు చివరి పది రోజుల్లో రైతులందరికీ ఆఖరి తడి కావాలి, కాలవ పొడుగునా ఆయిల్ ఇంజన్లు దిగేవి. చివర ఉన్న ఊరికి నీటి మట్టం మునిసిపాలిటీ తూము కంటే కిందకి జారిపోయేది. అప్పుడు చైర్మన్ చెయ్యాల్సిందల్లా ఎగువ లాకుల దగ్గరికి రాత్రిపూట వెళ్ళి కూర్చోవడమే. పగలు ఇంజనీరు గారితో మాట్లాడిన మాటకి రాత్రి లస్కరు, అంటే లాకుల దగ్గర కాపలా మనిషి, తలుపులు ఎత్తితేనే విలువ. తూము దగ్గర జల్లెడకి గుర్రపుడెక్క అడ్డం పడితే గంటకి వచ్చే నీళ్ళు సగమైపోతాయి. ఆ పది రోజులూ ఇద్దరు మనుషుల్ని పగలూ రాత్రీ అక్కడే పెట్టి, కొక్కేల కర్రలతో డెక్క లాగించాలి. కూలి డబ్బుకి కక్కుర్తిపడి పగలు మాత్రమే మనుషుల్ని పెట్టిన ఏడాది చెరువు ఒక అడుగు తక్కువ నిండేది. ఇరవై ఎకరాల మీద ఆ అడుగంటే రెండున్నర కోట్ల లీటర్లు, ఊరికి ఆరు రోజుల నీళ్ళు.

ఇంతా చేసి చైర్మన్‌కి ఉన్న అధికారం ఏపాటిదంటే, చెప్పుకుంటే నవ్వొస్తుంది. 1965 మునిసిపాలిటీల చట్టం ప్రకారం అమలు చేసే అధికారం కమిషనర్ది. ఉత్తర్వు మీద సంతకం ఆయనది, చెక్కు మీద సంతకం ఆయనది, సిబ్బంది మీద చర్య ఆయనది. కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహించడం, ఏ రికార్డయినా తెప్పించి చూడటం, కాంట్రాక్టు కమిటీలో కూర్చోవడం చైర్మన్ పాలు. అర్జీ పట్టుకొచ్చిన మనిషి ముందే దాని మూలన ‘కమిషనర్ గారికి, తగు చర్య నిమిత్తం’ అని రాసి సంతకం పెట్టడం రోజువారీ పని. ఆ రాత వెనక బరువుందో లేదో ఆఫీసులో అందరికీ తెలుసు. సంతకం ఒకరిది, తిట్లు ఇంకొకరివి.

అయితే 1987లో వచ్చిన మార్పు వల్ల ఆ ఉత్తచేతుల మనిషికి కూడా ఒక నిబ్బరం వచ్చింది. అంతకుముందు చైర్మన్‌ని కౌన్సిలర్లు ఎన్నుకునేవారు. 1987లో, తర్వాత 1995, 2000ల్లో జనమే నేరుగా ఎన్నుకున్నారు. పోలింగు బూత్‌లో రెండు బ్యాలెట్లు, ఒకటి వార్డు మెంబరుకి, రెండోది చైర్మన్‌కి. ‘ఊరంతా నాకే ఓటేసింది’ అన్న ఒక్క మాటతో కమిషనర్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. దీనికి రెండో పక్కా ఉంది. చైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్లో మెజారిటీ మరో పార్టీ అయిన ఊళ్ళలో బడ్జెట్ కూడా గట్టెక్కడం కష్టమయ్యేది. 2005 నుంచి మళ్ళీ పాత పద్ధతే వచ్చింది. నేరుగా ఎన్నికైన చైర్మన్లే గట్టి పని చేశారని ఇప్పటికీ వాదించేవారున్నారు. అందులో సగం నిజం, సగం అప్పటి వయసు మీది ప్రేమ.

తెల్లవారుజామున అయిదింటికి ఊడ్చేవాళ్ళ మస్టరు. శానిటరీ మేస్త్రీ లాంతరు పక్కన పెట్టుకుని పేర్లు పిలిచి హాజరు వేసే చోటికి చైర్మన్ చెప్పకుండా వెళ్ళాలి. నెలకి రెండుసార్లు చాలు, కానీ ఏ రోజో ఎవరికీ తెలియకూడదు. పుస్తకంలో నలభై పేర్లుండి ఎదురుగా ముప్పై రెండు చీపుర్లే కనిపిస్తే ఆ ఎనిమిదీ ఎక్కడున్నాయో అడగాలి. కొందరు నిజంగా జబ్బుతో ఉంటారు, కొందరు అధికారుల ఇళ్ళల్లో పనిచేస్తుంటారు. ఈ రెండో రకం గురించి గట్టిగా అడిగే ముందు తన ఇంట్లో ఎవరూ లేరని చూసుకోవాలి. అది చూసుకోకుండా అడిగి నవ్వులపాలైన చైర్మన్లున్నారు.

ఇక మురుగు కాలవల పూడిక. ఏ ఊళ్ళోనైనా ఇదే గోల: ‘మట్టి తీశారు, గట్టున వదిలేశారు.’ తీసిన వెంటనే ట్రాక్టరుకి ఎత్తితే దారిపొడుగునా కారిపోతుంది, అందుకని రెండు రోజులు ఆరనివ్వడం పద్ధతి. మూడో రోజు ట్రాక్టరు రావాలి. రాకపోతే వానకో, పిల్లల కాళ్ళకో, స్కూటరు చక్రాలకో తగులుకుని సగం తిరిగి కాలవలోకే చేరుతుంది. కాబట్టి తెలిసిన చైర్మన్ పూడిక తీసే మనుషుల సంఖ్య అడగడు, ట్రాక్టరు రోజుకి ఎన్ని ట్రిప్పులు తిరుగుతుందో అడుగుతాడు. ఎత్తలేనంత మట్టి తవ్వించకూడదు. తవ్వే పని ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకి సాగాలి. బడ్డీ కొట్ల వాళ్ళు మూసేసిన బండల కింద వదిలేసి అటూ ఇటూ తీస్తే మొదటి వానకి నీళ్ళు ఆ బండల దగ్గరే ఎగదన్నుతాయి. దోమల మందూ అంతే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకని నిలవ నీళ్ళ మీద మందు వారానికోసారి తప్పకుండా పడాలి, ఒక్క వారం తప్పితే ముందు చల్లిందంతా దండగ. రాత్రిపూట వీధుల్లో పొగ వదిలితే జనం సంతోషించేవారు. లార్వా మందు చల్లే మనిషిని ఎవరూ పట్టించుకునేవారు కాదు, పని జరిగేది మాత్రం అతనివల్లే.

మళ్ళీ నీళ్ళ దగ్గరికే వద్దాం, చైర్మన్ ఎక్కడ తిరిగినా అక్కడికే రావాలి. చెరువులో నీళ్ళు తగ్గి ఎండ ముదిరాక పచ్చటి నాచు కట్టేది. కుళాయి నీళ్ళు మట్టివాసన వేసేవి. పడవ వెనక గోనెసంచిలో మైలుతుత్తం కట్టి చెరువంతా తిప్పేవారు. మోతాదు మించితే చేపలు తేలేవి, చేపలు తేలితే ఊళ్ళో పుకార్లు తేలేవి. నాచు వల్ల అసలు దెబ్బ ఇసక ఫిల్టర్ బెడ్లకి. మామూలు రోజుల్లో నెల, రెండు నెలలు నడిచే బెడ్డు, వారానికే మూసుకుపోయేది. నీళ్ళు దించి, పై అంగుళం ఇసక పారలతో గీకి తీసి, మళ్ళీ నింపాలి. నింపగానే ఆ నీళ్ళు ఊరికి వదలకూడదు. ఇసక మీద సన్నటి జిగట పొర మళ్ళీ కట్టేదాకా ఒకటి రెండు రోజులు వచ్చిన నీళ్ళు బయటికి పారబొయ్యాలి, వడగట్టేది ఆ పొరే. ఎండాకాలంలో రెండు రోజుల నీళ్ళు పారబొయ్యమంటే ఏ చైర్మన్‌కైనా ప్రాణం ఒప్పేది కాదు. ఒప్పనివాళ్ళ ఊళ్ళో ఆసుపత్రి వార్డులు నిండేవి.

బ్లీచింగు పౌడరు గురించి తెలియక చెడినవారు ఇంకా ఎక్కువ. పది లక్షల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకి లీటరుకి రెండు మిల్లీగ్రాముల చొప్పున క్లోరిను వెయ్యాలంటే రెండు కిలోల క్లోరిను కావాలి. పౌడర్లో క్లోరిను పాతిక శాతం ఉంటే ఎనిమిది కిలోల పౌడరు. ట్యాంకు దగ్గర మనిషికి ఈ ‘ఎనిమిది కిలోలు’ అన్న మాట ఒక్కటే కంఠతా వచ్చేది. కానీ మూతి విప్పిన సంచి రేకుల షెడ్డులో ఒక వేసవి గడిపితే అందులో పస సగానికి పడిపోతుంది. అప్పుడు పదహారు కిలోలు వేస్తేగానీ అదే పని జరగదు. అతను మామూలుగా ఎనిమిదే వేసేవాడు, పుస్తకంలో ఎనిమిదే రాసేవాడు, అంతా సవ్యమే. ఊరి చివరి కుళాయి దగ్గర మాత్రం క్లోరిను ఉండేది కాదు. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, ఆర్థోటాలిడిన్ అనే మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిను చూపే రంగు. ఆ పరీక్ష ట్యాంకు కింద కాదు, చివరి వీధిలో చెయ్యాలి. ఇంకొకటి, పొడిని తిన్నగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళే పొయ్యాలి. గుమ్మరించే చోట ట్యాంకు అడుగున ఏటా సున్నం పేరుకుని, కడిగించే రోజున గంపలకొద్దీ వచ్చేది.

కుళాయి గుంటలు గుర్తున్నాయా? పైపులో ఒత్తిడి చాలక ఇంటిముందు మూడడుగుల గొయ్యి తీసి, కుళాయి అందులోకి దించి, మెట్లు కట్టుకుని బిందె పెట్టేవారు. రాత్రి ఆ గోతిలో మురుగు నిండేది. నీళ్ళు ఆగిపోయినప్పుడు పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది, కుళాయి మునిగి ఉంటే మురుగే పీలుస్తుంది. సైడు కాలవలోంచి పోయే తుప్పుపట్టిన అరంగుళం ఇనప పైపుదీ ఇదే కథ. వాంతులు విరేచనాలు మొదలైతే పేపర్లన్నీ ట్యాంకు శుభ్రం చేయించలేదని రాసేవి. దోషం తొంభై పాళ్ళు ట్యాంకుది కాదు, రోజుకి ఒక గంటే నీళ్ళిచ్చే పద్ధతిది. శాంపిలు ల్యాబుకి పంపి రిపోర్టు వచ్చేదాకా కూర్చోకూడదు, రెండు మూడు రోజులు పోతాయి. ముందు ఆ వీధి వాల్వు కట్టేసి, ట్యాంకరు పెట్టి, రోగులున్న ఇళ్ళన్నీ కాగితం మీద గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మధ్య కాలవ దాటుతున్న పైపులన్నీ వరసగా తవ్వించాలి. ఎక్కువసార్లు మూడో నాలుగో గోతిలోనే దొరికేది.

వాల్వుల దగ్గర కౌన్సిలర్ల రాజకీయం వేరే లోకం. ‘చైర్మన్ గారూ, పక్క వార్డుకి వాల్వు మొత్తం తిప్పి మాకు సగమే తిప్పుతున్నాడండీ ఫిట్టరు’ అన్నది ప్రతి సమావేశంలో ఉండేదే. ఆరంగుళాల వాల్వు పూర్తిగా తెరవడానికి ఇరవై చుట్లు పడుతుంది. తమాషా ఏమిటంటే అందులో సగం మూసినా నీళ్ళు పెద్దగా తగ్గవు, చివరి నాలుగైదు చుట్లలోనే తేడా అంతా. ఫిట్టరుకి ఇది తెలుసు. కౌన్సిలరు ఎదురుగా నిలబడి అడిగితే ఎనిమిది చుట్లు విప్పి సంతోషపెట్టి పంపేవాడు, నీళ్ళలో మార్పేమీ ఉండేది కాదు. అసలు కారణం పక్క వార్డు పల్లంలో ఉండటమో, మధ్యలో మోటార్లు బిగించి లాగడమో అయ్యుండేది. వాల్వు గబుక్కున మూసినా ముప్పే. పరిగెత్తే నీళ్ళు ఒక్కసారి ఆగితే ఆ దెబ్బకి ఎక్కడో పాత సిమెంటు పైపు పగులుతుంది. ‘మా వీధిలో పైపు పగిలింది’ అన్న ఫోన్లు నీళ్ళు ఆపిన పది నిమిషాలకే ఎందుకు వచ్చేవో తెలిసిన చైర్మన్, ముందు ఫిట్టరు కీ పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా తిరుగుతోందా లేదా చూసేవాడు.

కౌన్సిల్ సమావేశం నెలకోసారి తప్పదు. అజెండా మూడు పూర్తి రోజుల ముందు అందాలి. పూర్తి రోజులంటే ఇచ్చిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. 30న సమావేశమైతే 26 రాత్రికల్లా ఆఫీసు బంట్రోతు దఫేదారు సైకిలు మీద అందరి ఇళ్ళకీ తిరిగి సంతకాలు తీసుకోవాలి. ఒక కౌన్సిలరు కావాలని ఊరు వెళ్ళిపోయేవాడు, ఇంట్లోవాళ్ళు ‘మేం తీసుకోం’ అనేవారు. అలాంటప్పుడు ఇద్దరు సాక్షుల ఎదురుగా తలుపుకి అంటించి, తేదీ, వేళ రాయించుకోకపోతే తర్వాత తీర్మానాలన్నిటికీ ఎసరు. ఆఖరి నిమిషంలో బల్ల మీద పెట్టే టేబుల్ అజెండా ఎప్పుడూ అనుమానాస్పదమే. సామాన్యంగా అందులోనే ముందస్తు అనుమతితో అయిపోయిన పనుల ఆమోదాలు దూరేవి. బాగా నడిపే చైర్మన్ చర్చ ముందురోజు రాత్రే ఇంట్లో చేసేసేవాడు, ఎవరికి మైకు కావాలో, ఎవరికి వాకౌట్ కావాలో తెలుసుకుని. మర్నాడు హాల్లో ‘ఆమోదించడమైనది’, ‘వాయిదా వేయడమైనది’ అన్న మాటలే వినిపించేవి. మినిట్స్ పుస్తకంలో ఆ మాట వెంటనే రాయించి సంతకం పెట్టాలి. వారం ఆగితే ఆమోదం వాయిదాగా, వాయిదా ఆమోదంగా మారిపోయిన సంగతులు మునిసిపాలిటీ లెక్కలు తనిఖీ చేసే లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్ళు చెబుతారు.

మార్చి నెల డబ్బు నెల. ఆస్తి పన్ను అర్ధ సంవత్సరానికోసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. దాని మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు. బిల్ కలెక్టర్ల ముందు డిమాండు, వసూలు, బాకీల కాగితం పెట్టుకుని కూర్చుంటే ఊరి గుట్టంతా తెలిసిపోయేది. రిక్షా కార్మికుడి ఇంటి పన్ను ఏ ఏటికాయేడు చెల్లు, సినిమా హాలు బాకీ కోర్టులో. కుళాయి కట్ చెయ్యడం, ఇంటి ముందు దండోరా వేయించడం బాగా పనిచేసే మందులు. మొదలుపెడితే పెద్ద ఇంటి నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే రెండో రోజుకి ఆగిపోవాలి. పన్ను పెంచడం మాత్రం ఏ చైర్మన్ తన హయాంలో జరగనివ్వడు. ఈ భయానికి మన దగ్గర పాత చరిత్రే ఉంది. చీరాల పేరాలను మునిసిపాలిటీ చేసి పన్ను మోపితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక ఊళ్ళే ఖాళీ చేసి జనం రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. 

మార్కెట్లో అమ్మేవాళ్ళ దగ్గర వసూలు చేసే ఆశీలు వేలం కూడా మార్చి 31 లోపే. పాటదార్లు ముందే కూడబలుక్కుని, ఒకడే పాడి, మిగతావాళ్ళు వాటా తీసుకునేవారు. దానికి మందు ఒకటే: పాట మూడేళ్ళ సగటు దాటకపోతే వాయిదా వేసి, కొన్నాళ్ళు మునిసిపల్ సిబ్బందితోనే వసూలు చేయించడం. రోజు వసూలు ఎంతో అప్పుడు బయటపడుతుంది. అయితే సిబ్బంది వసూలు కూడా మూడో వారానికి చిక్కిపోయేది, కారణం విడిగా చెప్పక్కర్లేదు. రేట్ల బోర్డు గేటు దగ్గర పెద్ద అక్షరాలతో పెట్టించిన చైర్మన్‌కి కూరగాయల గంపలవాళ్ళు దణ్ణం పెట్టేవారు, పాటదారు మొహం మాడ్చుకునేవాడు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కొట్టినప్పుడు కోనసీమ వైపు ఊళ్ళలో ఈ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. కరెంటు లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే ట్యాంకు లేదు. అలాంటప్పుడు డీజిల్ జనరేటరు మొదట ఎక్కడికి వెళ్ళాలన్నదే అసలు ప్రశ్న. ఆసుపత్రికి ఒకటి, హెడ్ వాటర్ వర్క్స్‌కి ఒకటి, చైర్మన్ ఇంటికి చివర. రోడ్ల మీద చెట్లు కొట్టించేటప్పుడు ముందు ట్యాంకర్లు తిరిగే దారి తెరిపించాలి. చైర్మన్లలో కొందరు అందరికంటే ముందు కలెక్టరు గారి కారు వచ్చే దారి తెరిపించారు. అదీ అవసరమేనేమో.

1995 ఎన్నికలతో మూడో వంతు పదవులు మహిళలకి వచ్చాయి. చాలా చోట్ల ‘చైర్‌పర్సన్ గారి భర్తగారు’ అనే కొత్త హోదా పుట్టింది. ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లు మాట్లాడేవారు. కానీ నీళ్ళ సంగతికి వచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీ అయ్యేది. బిందె ఎంతసేపటికి నిండుతుందో ఆయనకి తెలియదు. ‘ఏ టైముకి వదులుతున్నారు, వంట టైముకా, నిద్ర టైముకా’ అని మొదటి సమావేశంలోనే అడిగిన చైర్‌పర్సన్‌లకి ఇంజనీర్లు తర్వాత భయపడ్డారు.

1994లో గుంటూరు, రాజమండ్రి, కర్నూలు కార్పొరేషన్లయ్యాయి, పదేళ్ళ తర్వాత నెల్లూరు, కాకినాడ, కడప. చైర్మన్ మేయరయ్యాడు, కౌన్సిలరు కార్పొరేటరయ్యాడు, వార్డు డివిజనయింది. బోర్డులు రాసేవాళ్ళకి నెలరోజులు చేతినిండా పని.

ఇంకొక తప్పు ఈ హోదాలతో సంబంధం లేకుండా అన్ని ఊళ్ళలోనూ జరిగింది. ఎన్నికల ముందు ఏడాది, అంటే నాలుగో ఎండాకాలం దాటాక, సిమెంటు రోడ్ల హడావుడి. ఎస్టిమేటు కంటే బాగా తక్కువకి టెండరు వేసిన కాంట్రాక్టరు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా. కంకర కింద మట్టి సరిగా దిమ్మిస చెయ్యడు, వేసిన రోడ్డు మీద మట్టి కట్టలు కట్టి రెండు వారాలు నీళ్ళు నిలబెట్టమంటే, మూడు రోజులు తడిపి వదిలేస్తాడు. ఎండకి పైపొర పొడిలా లేచిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం, వాల్వు గదుల మూతలు రోడ్డు ఎత్తుకి లేపకుండా వాటి మీదే కాంక్రీటు పోసెయ్యడం. మూతకి రెండు వరసల ఇటుక పెట్టి పైకి లేపడం అరపూట పని, ఎస్టిమేటులో ఆ పద్దు ఉండదు. పని కొలతలు రాసే ఎంబుక్కులో రోడ్డు పొడవు, వెడల్పు, మందం ఎక్కుతాయి, కింద సమాధి అయిన వాల్వు ఎక్కదు. పైపుల మ్యాపు ఉన్న మునిసిపాలిటీలు అరుదు. ఏ వాల్వు ఎక్కడుందో ఫిట్టరు బుర్రలో, అతని వెంట అయిదు ఎండలూ తిరిగిన చైర్మన్ బుర్రలో మాత్రమే ఉండేది.

అందుకే కొత్త చైర్మన్లలో తెలివైనవాళ్ళు ఏప్రిల్ మొదటి వారంలో అహం పక్కన పెట్టి, ఓడించిన పాత చైర్మన్ ఇంటికి వెళ్ళేవారు. వెనక రిటైరైన ఫిట్టరు కూడా సైకిలు మీద వచ్చేవాడు. కొత్త సిమెంటు రోడ్డు మధ్యలో నిలబడి ముగ్గురూ తర్జనభర్జన. పాతాయన ఎదురుగా ఉన్న మెడికల్ షాపు మెట్టు నుంచి అడుగులు కొలిచేవాడు, ఫిట్టరు కాదని రెండడుగులు కాలవ వైపు జరిగి గునపంతో తాటించేవాడు. బోలు చప్పుడు ఎక్కడ వస్తే అక్కడ సుద్దతో గీత. కూలీలు సమ్మెటతో కాంక్రీటు పగలగొట్టి అడుగు లోతు తియ్యగానే తుప్పుపట్టిన ఇనప మూత కనిపించేది.